తోస్తేనే స్టార్టయ్యే షెవర్లే: ఒక ఆరు వోల్టుల బండి కేసు

బండి 1946–48 మధ్య వచ్చిన షెవర్లే సెడాన్. ఆ మూడేళ్లూ కంపెనీ ఇంచుమించు ఒకే బండిని ముందు గ్రిల్లు, కంపెనీ గుర్తులు మార్చి అమ్మింది కాబట్టి ఏ ఏడాదిదో చెప్పకపోయినా నష్టం లేదు. రంగు, నంబరు, ఊరు రాయొద్దని ఓనరు గారి మాట. కృష్ణా డెల్టాలో వ్యవసాయ కుటుంబం వాళ్లది, తాతగారి కాలం నుంచి ఇంట్లోనే ఉన్న బండి అని మాత్రం చెప్పొచ్చు. అప్పట్లో జనరల్ మోటార్స్ వాళ్లకి బొంబాయి సెవ్రీలో ఫ్యాక్టరీ ఉండేది. 1928 నుంచి 1954 దాకా విడిభాగాలు తెప్పించి అక్కడే బిగించి అమ్మేవారు. మన వైపు పాత ఇళ్లలో ఇప్పటికీ షెవర్లేలు కనిపించడానికి అదొక కారణం.

ఇంజను ఆరు సిలిండర్లది, 216 క్యూబిక్ అంగుళాలు, అంటే మూడున్నర లీటర్లు. బ్యాటరీ ఆరు వోల్టులు, నెగటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్ వైపు బండి ఇనుముకే బిగించి ఉంటుంది, కరెంటు తిరిగి వచ్చే దారి ఆ ఇనుమే. సెల్ఫ్ కొట్టడానికి తాళంచెవి తిప్పడం ఉండదు. ఇగ్నిషన్ ఆన్ చేసి, కాలి దగ్గరున్న సెల్ఫ్ పెడల్ తొక్కాలి. ఆ తొక్కుడుతోనే సెల్ఫ్ మోటారు పళ్లచక్రం ముందుకు జరిగి ఫ్లైవీలు పళ్లలో పడుతుంది, పూర్తిగా తొక్కితే మోటారు నెత్తిన ఉన్న స్విచ్‌లో రాగి బిళ్లలు కలిసి కరెంటు పారుతుంది. మధ్యలో కరెంటుతో నడిచే స్విచ్‌లు, అంటే రిలే గానీ సోలినాయిడ్ గానీ లేవు. పాడవడానికి అందులో ఉన్నదే తక్కువ. అందుకే ఈ కేసు నన్ను రెండు సార్లు తిప్పిందంటే నాకే సిగ్గనిపించింది. రాయడానికి కూడా అదే కారణం.

నా దగ్గరికి వచ్చేటప్పటికి బండికి మూడేళ్ల కింద పూర్తి రెస్టోరేషన్ అయివుంది. బాడీ విప్పి, ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) ఇసుక కొట్టించి, పౌడర్ కోటింగ్ చేయించి, ఇంజనుకి కంపెనీ బూడిదరంగు వేయించి, ఇంజను కూర్చునే మౌంటింగ్ రబ్బర్లన్నీ కొత్తవి వేశారు. పని చూస్తే ముచ్చటేసింది. ఆ ముచ్చటలోనే జబ్బు ఉందని అప్పుడు తట్టలేదు.

ఏం జరుగుతోంది

పొద్దున చల్లగా ఉన్నప్పుడు పెడల్ తొక్కగానే రెండు మూడు తిప్పులకి స్టార్టవుతుంది. ముప్పై నలభై కిలోమీటర్లు తిరిగి ఆపి, పది నిమిషాల తర్వాత తొక్కితే సెల్ఫ్ మూలుగుతుంది. తిరగడం తిరుగుతుంది, కానీ గానుగెద్దులాగా. ఇంజను అందుకోదు. ఒక పెళ్లి ఊరేగింపులో కల్యాణ మండపం ముందు ఆగిపోతే, పెళ్లికొడుకుని లోపలే కూర్చోబెట్టి మగపెళ్లివారు తోశారట. పది అడుగులు తోయగానే స్టార్టయింది.

డ్రైవరుకి డెబ్బై దాటాయి, ఆ ఇంట్లో ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు, నేనూ అలాగే పిలిచాను. ఆయన చెప్పిన మాట నా పుస్తకంలో రాసుకున్నాను: "మేస్త్రీ, సెల్ఫ్‌తో గంట సేపు కొట్టినా అవ్వదు, తోస్తే మటుకు ఒక్క తోపే."

అంతకు ముందు రెండేళ్లలో ఓనరు గారు పెట్టిన ఖర్చు చిన్నది కాదు. రెండు కొత్త బ్యాటరీలు. సెల్ఫ్ మోటారు రెండు సార్లు విప్పి వైండింగ్, బుష్షులు, కార్బన్ బ్రష్షులు. కార్బొరేటర్‌కి కొత్త కిట్. కొత్త ఇగ్నిషన్ కాయిల్. పెట్రోలు గొట్టంలో ఆవిరి పట్టేస్తోందని ఒకరు గొట్టానికి పట్టీ చుట్టారు. చివరికి ఎక్కువమంది ఇచ్చిన సలహా ఒకటే: "ఆరు వోల్టులంటే ఇంతే సార్, పన్నెండు చేసేయండి." నా దగ్గరికి వచ్చింది కూడా పన్నెండు చేయించడానికే.

పన్నెండు ఎందుకు వద్దన్నాను

ఈ బండి కొత్తగా ఉన్నప్పుడు ఇదే ఆరు వోల్టులతో అమెరికాలో, కెనడాలో మంచులో స్టార్టయ్యేది. ఆ చలికి ఇంజనాయిల్ జీడిపాకంలా బిగుసుకుంటుంది, బ్యాటరీ బలం సగానికి పడిపోతుంది. అక్కడ తిరిగిన సెల్ఫ్ మన దగ్గర తిరగడం లేదంటే డిజైన్‌ని అనడానికి లేదు. అప్పుడు ఉన్నదేదో ఇప్పుడు పోయింది. అదేంటో తెలియకుండా వోల్టేజీ రెట్టింపు చేస్తే జబ్బు అలాగే ఉంటుంది, మూలుగు మాత్రం వినపడదు.

షెవర్లే తానే 1955 మోడల్‌తో పన్నెండుకి మారిందన్నది నిజమే. కానీ దానితో పాటు బల్బులు, డైనమో, రెగ్యులేటరు, మీటర్లు, సెల్ఫ్ అన్నీ మారాయి. పాత సెల్ఫ్‌కి పన్నెండు వోల్టులిస్తే కాలిపోదు గానీ, ఫ్లైవీలు పళ్లమీద సుత్తితో కొట్టినట్టు పడుతుంది. ఆ రింగు పళ్లు అరిగితే గేరుబాక్సు దింపాలి, రింగు వెతకాలి. ముందు నాకు ఒక రోజు ఇవ్వండి, కొలిచి చెబుతాను అన్నాను.

మొదటి రోజు లెక్క

తోస్తే వెంటనే స్టార్టవుతోందంటే పెట్రోలు వస్తోంది, ప్లగ్గుల్లో నిప్పు ఉంది, టైమింగ్ ఉంది. గొట్టంలో ఆవిరి పట్టిన బండి పది అడుగుల తోపుకి స్టార్టవదు. కాబట్టి కార్బొరేటర్, కాయిల్, గొట్టం పక్కన పెట్టేశాను. తోయడానికీ సెల్ఫ్ కొట్టడానికీ తేడా రెండే: తోసినప్పుడు ఇంజను వేగంగా తిరుగుతుంది, బ్యాటరీ మీద సెల్ఫ్ భారం ఉండదు.

బ్యాటరీ చూశాను. మూడు సెల్లుల్లో హైడ్రోమీటర్ (యాసిడ్ చిక్కదనం చూసే గొట్టం) 1.245, 1.245, 1.240. ఊరికే ఉన్నప్పుడు 6.3 వోల్టులు. బాగుంది. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే లావు వైరు పీకి, ఇంజనుకి ఆనించి కట్టాను, బండి స్టార్టవకుండా. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు. బాబాయ్ ఐదు సెకన్లు తొక్కుతారు, నేను చదువుతాను, రెండు నిమిషాలు విశ్రాంతి. ఇదే పద్ధతి.

సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ పోస్టుల మీద 5.1 వోల్టులు. మీటరు ముళ్లు సీసపు పోస్టు మీదే గుచ్చాలి, దాని మీద బిగించిన క్లాంపు మీద కాదు. ఆరు వోల్టుల బ్యాటరీకి సెల్ఫ్ భారంలో 4.8 కంటే పైన ఉంటే నాకు చాలు. డీసీ క్లాంప్ మీటరు కేబుల్‌కి తగిలిస్తే 160 ఆంపియర్లు.

ఈ 160 దగ్గర కాసేపు ఆగాను. సెల్ఫ్ సిరీస్ మోటారు. దాని తిప్పే బలం కరెంటుని బట్టి ఉంటుంది, వేగం దానికి అందే వోల్టేజీని బట్టి ఉంటుంది. ఇంజను బిగుసుకుపోయినా, మోటారులో తిరిగే భాగం (ఆర్మేచర్) లోపల రాసుకుంటున్నా కరెంటు దీనికి చాలా పైన ఉండాలి. 160 అంటే ఈ ఇంజనుకి మామూలు భారమే. భారం మామూలుగా ఉండి, వేగం లేదు. అంటే బ్యాటరీ ఇచ్చిన 5.1 వోల్టులు సెల్ఫ్ దాకా చేరడం లేదు. దారిలో ఎవరో తింటున్నారు. రెండు సార్లు వైండింగ్ చేయించినా ఎందుకు మారలేదో ఇక్కడే తెలిసిపోయింది.

దారి వెతికాను. పాజిటివ్ పోస్టు నుంచి క్లాంపుకి 0.15 వోల్టు. క్లాంపు నుంచి సెల్ఫ్ మీది బోల్టు దాకా 0.40. ఒకవైపే 0.55 పోతోంది. కేబుల్ చూడ్డానికి బొటనవేలంత లావుంది. కోసి చూస్తే తొడుగే లావు, లోపల రాగి పెన్సిల్ మందం కూడా లేదు, 16 స్క్వేర్ మిల్లీమీటర్లది. చిన్న పన్నెండు వోల్టుల పెట్రోలు కారుకి వేసే కేబుల్. కంపెనీ నుంచి వచ్చినప్పుడు వీటిలో నలభై, యాభై స్క్వేర్ రకం ఉండేది.

ఇక్కడ లెక్క చెప్పాలి, ఎందుకంటే కేబుల్ షాపులో "రెట్టింపు లావు వేస్తే సరిపోతుంది కదా" అనే మాట తరచూ వింటుంటాను. అదే పని చేయడానికి ఆరు వోల్టుల్లో కరెంటు రెట్టింపు కావాలి. కరెంటు రెట్టింపయితే అదే కేబుల్‌లో పోయే వోల్టేజీ రెట్టింపు. పోయేది రెట్టింపు, మొదట ఉన్నది సగం. కాబట్టి నష్టం వాటా నాలుగింతలవుతుంది. పన్నెండు వోల్టుల బండికి 16 స్క్వేర్ సరిపోతే, ఆరింటికి 64 కావాలి. బజార్లో దొరికేది 70. ఆ సైజు బ్యాటరీ కేబుల్‌గా అడిగితే అన్ని షాపుల్లో ఉండదు, వెల్డింగ్ కేబుల్‌గా అడిగితే ఉంటుంది. సన్నటి తీగల పేట కాబట్టి మెత్తగా వంగుతుంది కూడా. ఒక్కటే జాగ్రత్త: వెల్డింగ్ కేబుల్లో అల్యూమినియంది కూడా అమ్ముతారు, చవక. చేత్తో పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది. తెల్లగా కనపడినంత మాత్రాన అల్యూమినియం అనుకోవద్దు, కళాయి పూసిన రాగి కూడా తెల్లగానే ఉంటుంది. కత్తితో గీకి చూస్తే తెలిసిపోతుంది.

నేను చేసిన తప్పు

నెగటివ్ వైపు చూడటానికి ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోది ఛాసిస్ మీద గీకిన చోట పెట్టాను. 0.20 వోల్టు. సెల్ఫ్ బోల్టుకీ ఛాసిస్‌కీ మధ్య 4.35. సెల్ఫ్‌కి 4.35 అందుతోంది, కేబుల్స్ మారిస్తే ఐదు దాకా వస్తుంది, కేసు తేలిపోయింది అనుకున్నాను.

రెండు కేబుల్సూ 70 స్క్వేర్ వేశాను. లగ్గులు (కేబుల్ చివర తొడిగే బిగింపు ముక్కలు) సుత్తితో కొట్టకుండా హైడ్రాలిక్ క్రింపింగ్ చేయించాను. పోస్టులు గీకి కొత్త సీసపు క్లాంపులు బిగించాను. నెగటివ్ కేబుల్‌ని ఛాసిస్ మీద పాత చోటే, పెయింటు గీకి బిగించాను. పాజిటివ్ వైపు నష్టం 0.15కి, నెగటివ్ 0.05కి దిగింది. మీటరు సెల్ఫ్‌కి 4.9 అని చూపించింది. బండిని నలభై కిలోమీటర్లు తిప్పి ఆపి, పది నిమిషాలు ఆగి తొక్కితే స్టార్టయింది. సంక్రాంతికి వారం ముందు బండి ఊరెళ్లింది. ఓనరు గారు అరిసెలు పంపారు.

మార్చి మొదటి వారంలో ఫోన్. "మేస్త్రీ గారూ, మళ్లీ మొదటికొచ్చింది. రెండు రోజులుగా తోస్తున్నాం."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొత్త కేబుల్స్, మంచి బ్యాటరీ, నేనే చూసిన 4.9. సీజన్ మారింది, ఎండలొచ్చాయి, అదొక్కటే తేడా. వేడికి రాగి వైండింగ్ అడ్డు (రెసిస్టెన్స్) పెరుగుతుంది, అరవై డిగ్రీలు పెరిగితే దాదాపు పావు వంతు. కానీ 4.9 అందే మోటారుకి అది పెద్ద లెక్క కాదు. అంచుమీద ఉన్న మోటారే ఆ కాస్తకి పడిపోతుంది. అయితే నా 4.9 తప్పా?

ఈసారి నేనే ఊరెళ్లాను. షెడ్డులో బండి చుట్టూ తిరుగుతుంటే బాబాయ్ ఏదో వేరే సంగతి చెబుతున్నట్టు చెప్పారు: "చోక్ కూడా ఈ మధ్య పట్టేస్తోంది మేస్త్రీ. వేడి మీద అసలు లాగుడు పడదు. నూనె వేశాను, లాభం లేదు."

చోక్ అంటే చల్లటి ఇంజను స్టార్టవడానికి కార్బొరేటర్‌లోకి వెళ్లే గాలిని తగ్గించేది. మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఆయన చోక్ బిగుసుకుందని అన్నారు. కార్బొరేటర్ పని నాది కాదని వదిలేశాను. ఇప్పుడు డ్యాష్‌బోర్డు వెనక తల పెట్టి, చోక్ వైరు పై గొట్టం చూస్తే, ఫైర్‌వాల్ (ఇంజనుకీ మనం కూర్చునే చోటుకీ మధ్య రేకు) దాటే చోట నల్లగా కమిలింది. నూనె మరక కాదు, వేడికి మాడిన గుర్తు. బాబాయ్‌ని ఐదు సెకన్లు తొక్కమని ఆ చుట్టల గొట్టం మీద వేలు పెట్టాను. వెంటనే తీసేశాను.

చోక్ వైరు డ్యాష్‌బోర్డు నుంచి కార్బొరేటర్‌కి వెళ్తుంది. అంటే బాడీ నుంచి ఇంజనుకి. అది వేడెక్కిందంటే సెల్ఫ్ కరెంటు దాని గుండా పోతోంది. అసలు దారి మూసుకుపోయి, కరెంటు దొరికిన సందుల్లో నుంచి దూరుతోంది. యాక్సిలరేటర్ కడ్డీలు, స్పీడోమీటర్ వైరు, సైలెన్సర్ గొట్టం బిగింపులు అన్నీ తలా కొంచెం మోస్తుంటాయి. చోక్ వైరు సన్నది కాబట్టి అదొక్కటే అరిచింది.

అప్పుడు చేయాల్సిన కొలత చేశాను. ఒక ముల్లు ఛాసిస్ మీద, ఒకటి సెల్ఫ్ మోటారు ఒంటి మీద. సెల్ఫ్ తిరుగుతుండగా 1.3 వోల్టులు. సెల్ఫ్ బోల్టు నుంచి సెల్ఫ్ ఒంటికి 3.6. నా 4.9 ఛాసిస్ దాకా ఉన్న లెక్క. సెల్ఫ్ బిగించింది ఛాసిస్‌కి కాదు, ఇంజనుకి. ఇంజను కూర్చున్నది రబ్బరు మీద.

ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. రోజూ చూసే బండ్లలో లావు నెగటివ్ కేబుల్ నేరుగా ఇంజనుకో గేరుబాక్సుకో వెళ్తుంది, ఛాసిస్ బాగుంటే ఇంజనూ బాగున్నట్టే అని చేతికి అలవాటైపోయింది. ఈ బండిలో నెగటివ్ ఛాసిస్‌కి వస్తోంది, అక్కడి నుంచి ఇంజనుకి తీగలతో అల్లిన ఒక పట్టీ. ఆ పట్టీ ఉందని కళ్లతో చూశాను. ఉందిగా అని ముందుకెళ్లాను.

పట్టీ విప్పితే

రెస్టోరేషన్ చేసినవాళ్లు పట్టీని తీసి పారేయలేదు, అది వాళ్ల నిజాయితీ. శుభ్రంగా తిరిగి బిగించారు. కానీ ఛాసిస్ వైపు పౌడర్ కోటింగ్ మీద బిగించారు. పౌడర్ కోటింగ్ అంటే ప్లాస్టిక్ పొరే, కరెంటు దాటదు. బోల్టు మరలు ఎక్కడో కాస్త తాకడం వల్ల ఆ మాత్రమైనా పారుతోంది. ఇంజను వైపు, పట్టీ బిగించాక దాని మీద నుంచే బూడిదరంగు స్ప్రే కొట్టారు. పెయింటు అల్లికలోకి దిగి గట్టిపడింది. పాత రోజుల్లో రబ్బర్లు అరిగి, ఇనుము ఇనుముని తాకుతూ ఇంజనుకి ఇంకో నాలుగు దారులుండేవి. కొత్త రబ్బర్లతో అవీ మూసుకుపోయాయి. ఓనరు గారు ఒక మాటన్నారు: "అంటే బండి పాడుగా ఉన్నప్పుడే బాగా స్టార్టయ్యేదన్నమాట." నిజంగానే, రెస్టోరేషన్‌కి ముందు ఈ ఇబ్బంది లేదని బాబాయ్ కూడా ఒప్పుకున్నారు. ఆ ప్రశ్న మొదటి రోజే అడిగివుంటే నాకు బస్సు ఛార్జీలు మిగిలేవి.

ఇంతమంది చూసినా ఎందుకు దొరకలేదన్నది కూడా చెప్పాలి. ముందు చూసిన ఎలక్ట్రీషియన్ ఎర్త్ చెక్ చేశానన్నాడు, అబద్ధం కాదు. మల్టీమీటరు బీప్ మోడ్‌లో పెట్టి ఛాసిస్‌కీ ఇంజనుకీ తాకించాడు, బీప్ వచ్చింది. ఈ పట్టీ దగ్గర అడ్డు ఎంత? 1.3ని 160తో భాగిస్తే 8 మిల్లీ ఓములు, అంటే ఓములో వెయ్యింట ఎనిమిది వంతులు. మామూలు మల్టీమీటరు వైర్ల సొంత అడ్డే దీనికి పది, ఇరవై రెట్లుంటుంది. అది 8 మిల్లీ ఓముల్ని చూడలేదు, సున్నా అనే చూపిస్తుంది. టెస్ట్ ల్యాంప్ కూడా అంతే. ఒక ఆంపియరు తాగే బల్బుకి అక్కడ పోయేది వోల్టులో వెయ్యింట ఎనిమిది వంతులు, బల్బు దర్జాగా వెలుగుతుంది. 160 ఆంపియర్లు పారుతున్నప్పుడే అది బయటపడుతుంది. అందుకే ఈ పనికి ఓము మీటరు వాడను, పెడల్ మీద ఒక మనిషిని పెట్టి వోల్టేజీ నష్టం చూస్తాను.

తోస్తే ఎందుకు స్టార్టయ్యేదో కూడా ఇప్పుడు అర్థమైంది. ఈ బండిలో కాయిల్‌కి కరెంటు సెల్ఫ్ బోల్టు దగ్గర నుంచే వెళ్తుంది, తిరిగి వచ్చేది డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల మీదుగా ఇంజనుకి. అంటే సెల్ఫ్‌కి ఎంత అందితే కాయిల్‌కీ అంతే: 3.6. కాయిల్లో నిలవయ్యే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. 6.3 ఉండాల్సిన చోట 3.6 అంటే నిప్పురవ్వ బలం మూడో వంతు. చల్లటి ఇంజను చోక్ మీద ఆ కాస్త నిప్పుకే అందుకునేది. వేడి ఇంజను, వేడి వైండింగ్, ఇంకా నెమ్మదిగా తిరిగే సెల్ఫ్, మూడో వంతు నిప్పు. తోసినప్పుడు సెల్ఫ్ భారం లేదు కాబట్టి కాయిల్‌కి పూర్తి వోల్టేజీ. ఒక్క తోపే.

ఏం చేశాం

బ్యాటరీ నెగటివ్ నుంచి 70 స్క్వేర్ కేబుల్ నేరుగా సెల్ఫ్ మోటారుని ఇంజనుకి బిగించే బోల్టు కిందికి తీసుకెళ్లాను. ఛాసిస్‌ని నమ్మే పని లేకుండా. బోల్టు చుట్టూ రూపాయి బిళ్లంత మేర పెయింటు తీసి, ఇనుము తెల్లగా మెరిసేదాకా ఎమెరీ పట్టి, లగ్గు బిగించి, ఆ తర్వాత పైన వ్యాసలైన్ రాశాను. ముందు బిగింపు, తర్వాత వ్యాసలైన్. లైట్లు, హారన్, మీటర్ల కోసం ఇంజను నుంచి ఛాసిస్‌కి కొత్త పట్టీ ఒకటి, ఛాసిస్ నుంచి బాడీకి ఇంకొకటి, రెండు చివర్లా గీకి. పాత పట్టీని ఓనరు గారికే ఇచ్చాను. చోక్ వైరు కొత్తది.

సెల్ఫ్ దించినప్పుడే నెత్తి మీది స్విచ్ కూడా విప్పాను. రాగి బిళ్లలు గుంటలు పడి నల్లబడ్డాయి. తక్కువ వోల్టేజీతో గంటలకొద్దీ కొట్టిన సెల్ఫ్‌కి ఇది మామూలే. సాపు చేసి, ఒక బిళ్లని తిప్పి కొత్త ముఖం పైకి పెట్టాను. మోటారు లోపల ఏమీ ముట్టుకోలేదు. రెండు సార్లు వైండింగ్ అయిన మోటారుకి మూడోసారి పని పెట్టాలనే ఉబలాటం ఎవరికైనా ఉంటుంది, కానీ 160 ఆంపియర్లు చూశాక దాని మీద అనుమానం పెట్టుకోవడానికి ఆధారం లేదు.

ఇంకో చిన్న పేచీ వచ్చింది. వింటేజ్ ర్యాలీల్లో జడ్జీలు బోనెట్ ఎత్తి చూస్తారు, నల్లటి వెల్డింగ్ కేబుల్ అక్కడ కొట్టొచ్చినట్టు కనపడుతుందని ఓనరు గారి అబ్బాయికి దిగులు. కేబుల్‌ని మార్చను, కావాలంటే చొక్కా తొడుగుతాను అన్నాను. పాత బండ్ల వైరింగ్‌కి తొడిగే నూలు అల్లిక గొట్టం తెప్పించి తొడిగాం. ఇప్పుడు చూస్తే పాత కేబుల్ లాగే ఉంది.

ఈసారి కొలతలు సెల్ఫ్ బోల్టు నుంచి సెల్ఫ్ ఒంటికి, ఛాసిస్ ఊసే లేకుండా. బ్యాటరీ పోస్టుల మీద అదే 5.1. సెల్ఫ్‌కి 4.85. దారి మొత్తానికి పోయేది పావు వోల్టు. కరెంటు 165, అంటే దాదాపు పాతదే. వేగం మాత్రం, బాబాయ్ పెడల్ మీద నుంచి కాలు తీసి నా వంక చూశారు. వేరే బండి ఎక్కినట్టుందన్నారు.

అప్పటి నుంచి పాత బండి ఏది వచ్చినా నేను మొదట చూసేది రెండు. ఎర్త్ ఏ పోస్టో చూస్తాను. షెవర్లేకి నెగటివ్, అదే కాలపు ఫోర్డుకి, డాడ్జ్, ప్లిమత్‌లకి పాజిటివ్. మధ్యలో ఎవరు ఏ రంగు కేబుల్ వేశారో తెలియదు కాబట్టి రంగుని బట్టి పోను, పోస్టు మందం చూస్తాను, లావుది పాజిటివ్. రెండోది, ఏ కొలతా తీయకముందు సెల్ఫ్ ఒంటికీ బ్యాటరీ ఎర్త్ పోస్టుకీ మధ్య ఒకే ఒక్క కొలత. అక్కడ 0.2 దాటితేనే మధ్యలో ముక్కలు ముక్కలుగా వెతకడం. పెయింటు కొత్తగా మెరుస్తుంటే అనుమానం ఇంకాస్త ఎక్కువ. బండి ఉంచుకున్నవాళ్లకి నేనిచ్చే సలహా ఒకటే: రెస్టోరేషన్‌కి ఇచ్చేటప్పుడు ఎర్త్ బోల్టులున్న చోట్ల టేపు వేసి పెయింటు చేయమని ముందే చెప్పండి. తర్వాత గీకమంటే ఎవరికీ మనసొప్పదు, నాకు కూడా.

మే నెలలో మళ్లీ ఫోన్ చేశారు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో బండి ఆపి, పావుగంట తర్వాత తొక్కితే సెల్ఫ్ గిర్రున తిరుగుతోంది కానీ ఇంజను అందుకోవడానికి రెండు మూడు ప్రయత్నాలు పడుతోందట. పెట్రోలు వాసన వస్తోందా అని అడిగాను. వస్తోందన్నారు. ఆపిన వేడికి కార్బొరేటర్‌లో పెట్రోలు మరిగి పొంగి ఇంజనులోకి కారుతోంది. యాక్సిలరేటర్ పూర్తిగా అదిమి పట్టి సెల్ఫ్ కొట్టండి, ఎక్కువైన పెట్రోలు బయటికి పోతుంది అన్నాను. ఆ బండిలో రెండింటినీ కుడికాలితోనే తొక్కాలి కాబట్టి, మడమ ఒకదాని మీద, వేళ్లు ఇంకోదాని మీద పెట్టడం బాబాయ్ ఇప్పుడు నేర్చుకుంటున్నారు.